రోసెండా ఇంటి అడుగు దూలాలు

పుల్కెతూ, చిలోయె దీవి
8 జనవరి 1961

తమ్ముడు అబెలీనోకి అక్క రోసెండా రాసేది.

ఇక్కడ నేనూ, నాలుగు గొర్రెలూ, పందీ బాగున్నాం. ఇల్లు మాత్రం తడిసి ఉంది. నిన్న పొయ్యి ముందు కూర్చుని బంగాళాదుంప రొట్టెలు కాలుస్తుంటే నేల పలకల సందుల్లోంచి నీళ్లు ఉబికాయి. ఒక పీత పైకొచ్చి నన్ను ఎగాదిగా చూసింది. ఇల్లు దానిదైనట్టు, నేనేదో చుట్టపుచూపుగా వచ్చినట్టు చూసిందనుకో. చీపురుతో దాన్ని సాగనంపి, ఆ క్షణాన్నే తీర్మానం చేశాను. ఈ ఇంటిని ఇక్కణ్నుంచి తీసుకుపోతాను.

పోయిన మే నెల భూకంపానికి మన ఒడ్డు ఒక మనిషి ఎత్తున కుంగిందని నీకు రాశాను. మొదట్లో పోటు గొర్రెల దొడ్డి దాకా వచ్చి ఆగేది. ఇప్పుడు ప్రతి అమావాస్యకీ పున్నమికీ ఇంటి అడుగు దూలాలు ఉప్పునీళ్లలో నానుతున్నాయి. సముద్రపు పాయకి అవతల ఎత్తు మీద మీ బావ ఆన్సెల్మో దుంపలు వేసిన చెలక ఉంది కదా. ఆయన పోయిన ఈ మూడేళ్లూ అది బీడుగానే పడి ఉంది. ఎద్దులతో ఒడ్డుకి లాగించి, పోటు మీద తేల్చి, ఇల్లు ఇల్లంతా అక్కడికి వెళ్తుంది.

ఎలిసియో పెద్దాయన విని తల గోక్కున్నాడు. "కొత్తది కట్టుకోరాదూ రోసెండా, ఊరంతా తలా ఓ చెయ్యి వేస్తాం" అన్నాడు. "పాతదానికి ఏమొచ్చింది? కింది దూలం నుంచి పై పెంకు దాకా మా తమ్ముడు కొండల్లోంచి తెచ్చిన అలెర్సె కలప. నువ్వూ నేనూ మట్టిలో కలిసిపోయినా అది నిక్షేపంలా ఉంటుంది" అన్నాను. ఎద్దుల్ని పోగుచేసే పనీ, లాగుడు నడిపించే పనీ ఆయనే తలకెత్తుకున్నాడు.

పద్ధతి నీకు తెలిసిందే. ఒక్కో ఇంటికీ నేనే స్వయంగా వెళ్లి, గడప దగ్గర నిలబడి, నాకు ఏం కావాలో, ఎందుకు కావాలో నా నోటితో చెప్పాలి. ఆపైన కాదనేవాడు లేడు. అడిగాక వద్దనే హక్కు నాకూ లేదు. పదకొండు ఇళ్లు అయ్యాయి. ఇంకా ఇరవయ్యొకటి ఉన్నాయి. మోకాళ్లు నొప్పి పెడుతున్నాయి గానీ నోరు బాగానే ఉంది.

నువ్వు చేయాల్సింది ఒక్కటే. భూకంపానికి సముద్రం వైపు గోడమీది చెక్క పెంకులు ఊడిపోయాయి. నాలుగు వందలు చీల్చి పెంకుల పడవలో పంపు.

మీ అక్క
రోసెండా

ఉయిన్కై లోయ
29 జనవరి 1961

అక్కా,

నీ ఉత్తరం అందింది. నాలుగు వందలు కాదు, ఆరు వందల పెంకులు పంపుతున్నాను. అన్నీ ఒకే చెట్టువి. గుండ్రంగా చెక్కిన అంచు కిందికి రావాలి. మేకు అంచుకి దగ్గరగా కొట్టనివ్వకు. అలెర్సెకి నార నిటారుగా ఉంటుంది కనుక చిన్న దెబ్బకే చీలిపోతుంది. దాని మంచితనం, మొండితనం రెండూ అందులోనే ఉన్నాయి. చీలిక కత్తి పెట్టి ఒక్క పోటు వేస్తే పుస్తకంలో పేజీ విప్పినట్టు విడిపోతుంది.

ఈ ఏడు మేం పచ్చి చెట్టు జోలికి పోలేదు. లోయ పైన మన తాతల కాలంలో కాలిపోయిన అడవి ఉంది. బూడిద రంగు మోళ్లు అలాగే నిలబడి ఉన్నాయి. రెండు వేళ్ల లోతు చెక్కితే లోపల పచ్చి మాంసంలా ఎర్రగా, మొన్న కొట్టినట్టు ఉంది కలప. చెట్టు చచ్చిపోయిందని ఆ కలపకి ఇంకా ఎవరూ చెప్పలేదని మా జట్టులో నవ్వుకుంటాం. వాన, మంచు, పురుగు దేనికీ అది లొంగదు. పైగా తేలిక. నా అంత ఎత్తు పలకల మోపు భుజం మీద పెట్టుకుని మూడు గంటలు కొండ దిగగలను. ఇదే తేపా చెక్కయితే నాలుగో వానకే మెత్తబడిపోతుంది.

ఇక ఇంటి సంగతి. కదిలించొద్దని నేననను. అయితే ఇల్లు మొత్తాన్నీ ఒకేసారి లాగడం అవసరమా? పలకా పలకా విప్పి, పడవల్లో దాటించి, మళ్లీ బిగించుకోవచ్చు. మార్చి దాకా మనకి ఎండాకాలమేగా. లేదా వచ్చే ఏడాది దాకా ఆగు. నేనే కొత్త కలప తెస్తాను, కొత్త ఇల్లే వేసుకుందాం. ఇరవై రెండేళ్ల ఇల్లు నీళ్లలో తేలడమంటే మాటలు కాదు. పాయ మధ్యలో ప్రవాహం ఎలా తిప్పుతుందో నీకు తెలుసు.

బాగా ఆలోచించు. తొందరపడకు.

అబెలీనో

పుల్కెతూ
13 ఫిబ్రవరి 1961

ఒరేయ్ అబెలీనో,

పెంకులు అందాయి. ఎంత బాగున్నాయంటే రెండు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. నీ ఉత్తరం మాత్రం ముక్కుకి ఏమంత బాగా అనిపించలేదు. నీకు వయసు మీద పడిందా, లేక కొండల్లో ఏదైనా పాడు నీళ్లు తాగావా? పలకా పలకా విప్పి మళ్లీ బిగించాలట! విప్పిన ఇంటికి పాత మేకులు పట్టవు, సందులు కూడవు. మన దీవిలో పుట్టినవాడు ఇలా మాట్లాడతాడా? నీ చేత్తో చీల్చిన పలకల మీద నీకు నమ్మకం లేకపోతే నాకుంది, పో.

ముప్పై రెండు ఇళ్లూ అయ్యాయి. మార్చి పదిహేడున అమావాస్య పోటు. ఈ ఏటికి అదే పెద్దది. పద్నాలుగు జతల ఎద్దులు, ఆరు పడవలు వస్తాయి. ఎలిసియో ఇద్దరు కొడుకులూ నీళ్లలో దిగి, ఇంటి అడుగున తాళ్లు పట్టుకుని నడుస్తారు, లోతైన చోట ఈదుతారు. దూలానికి కట్టిన తాడు జారితే సరిచేసేది వాళ్లే.

ఇంకో సంగతి చెబుతాను, నవ్వుకో. మొన్న ఎలిసియో ఇంటి కింద దూరి, మొలలోంచి కత్తి తీశాడు. "ఏం చేస్తున్నావు?" అన్నాను. "దూలంలో ఓ పోటు పొడిచి చూస్తానమ్మా, నెలల తరబడి ఉప్పులో నానుతోంది కదా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "పెళ్లికూతురి ఇంటి అడుగు దూలం తోడబుట్టినవాడు పెట్టేది. మన ఊళ్లో దానికి కత్తి పెట్టినవాడు ఇంతవరకూ లేడు. నువ్వు మొదలెడతావా? మీ చెల్లెలి దూలానికి నేనెప్పుడైనా కత్తి పెట్టానా?" అని అడిగాను. పాపం, పెద్దమనిషి చెవుల దాకా ఎర్రబడి కత్తి మొలలో దోపుకున్నాడు. "తప్పయింది రోసెండా, అబెలీనోని అవమానించాలని కాదు" అన్నాడు. ఒక లోటా ఆపిల్ కల్లు పోసి పంపాను.

నీ పరువు అలా కాపాడి పెట్టాను. ఇకనైనా పిరికి మాటలు మాను.

రోసెండా

ఉయిన్కై లోయ
24 ఫిబ్రవరి 1961

అక్కా,

ఈ ఉత్తరం చదివేటప్పుడు ఒక్కదానివే ఉండు. పడవ నడిపేవాడికి దీన్ని చొక్కా లోపల పెట్టుకోమని చెప్పి ఇచ్చాను.

ఎలిసియోని ఆపకుండా ఉండాల్సింది. ఆయన కత్తి పొడిచి ఉంటే ఇది రాసే పని నాకు తప్పేది. ఆ ఉత్తరం చదివాక రెండు రోజులు గొడ్డలి ముట్టలేదు. ఎలిసియో కొడుకులు ఇద్దరూ నా కళ్ల ముందే తిరుగుతున్నారు.

నీ ఇంటి పొడవాటి అడుగు దూలాలు రెండూ, సముద్రం వైపుదీ కొండ వైపుదీ, అలెర్సె కాదు. తేపా.

ఎలా జరిగిందో దాచకుండా చెబుతాను. నీ పెళ్లికి నెల ముందు ఐదేసి బారల దూలాలు రెండు కొట్టి, చదును చేసి, కొండ మీద ఉంచాను. అప్పట్లో అవతలి రేవులో క్లోరిండా అనే పిల్ల ఉండేది. జూన్ చలిలో వచ్చే సెయింట్ జాన్ పండగకి ఒక్క పూటకని వెళ్లి నాలుగు రోజులు ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి పైన మంచు పడి దారి మూసుకుపోయింది. పడవ బయల్దేరడానికి ఇంకా ఒక్క రోజే ఉంది. ఒడ్డు పక్కనే తేపా చెట్టు ఒకటి కూలి ఉంది. అందులోంచే రెండు దూలాలు తీశాను. తెల్లగా కనిపించకుండా ఎర్రమట్టీ చేపనూనే కలిపి పూశాను. తర్వాత మారుద్దాంలే అనుకున్నాను. పెళ్లి రోజున ఆన్సెల్మో అందరి ముందూ నన్ను కౌగిలించుకుని, "మా ఇల్లు ఈ తమ్ముడి భుజాల మీద నిలబడింది" అన్నాడు. ఆ ఏడు చెప్పలేకపోయాను, మరుసటి ఏడు ఇంకా కష్టమైంది. క్లోరిండా కూడా వేరేవాణ్ని చేసుకుంది.

నేల పొడిగా ఉన్నన్నాళ్లూ ఆ దూలాలు నెట్టుకొచ్చాయి. ఇన్ని నెలలుగా నీళ్లలో నానుతున్నాయంటే మాత్రం వాటిని నమ్మకు. లాగేటప్పుడు తాళ్ల బరువంతా పడేది వాటి మీదే. పాయ మధ్యలో ఒకటి విరిగితే ఇల్లు నడుముకి విరిగి, కింద ఉన్నవాళ్ల మీద కూలుతుంది.

కత్తి తీసుకుని పొడువు. అలెర్సె అయితే కత్తి మొన గోరంత దిగి ఆగుతుంది, చెక్కిన చోట ఎర్రగా ఉంటుంది. తేపా అయితే నీకే తెలుస్తుంది.

భూకంపం మీదకి నెట్టేయొచ్చు, ఎవరికీ తెలియదు అని ఒక పూట అనుకున్నాను. అది కూడా నీకు తెలియాలి. అందుకే రాస్తున్నాను.

లాగుడు ఆపించు. ఊళ్లోవాళ్లకి నా పేరు చెప్పు. నన్ను ఎన్ని తిట్లు తిట్టినా సరే.

అబెలీనో

పుల్కెతూ
2 మార్చి 1961

అబెలీనో,

పొడిచాను. కొండ వైపు దూలంలో కత్తి వేలెడు దిగింది. సముద్రం వైపుదాంట్లో పిడి దాకా పోయింది. బయటికి లాగితే తడి పిండి లాంటిది అంటుకుని వచ్చింది. ఇంటి కింద బురదలో చాలాసేపు కూర్చున్నాను. ఆ దూలం మీదే నా మంచం ఇరవై రెండేళ్లు ఉంది. ఆన్సెల్మో ప్రాణం పోయింది కూడా దాని మీదే.

ఏడ్చానని రాయడానికి నాకు సిగ్గు లేదు. నాలుగు రోజుల సరదా కోసం, అదీ ఆ క్లోరిండా కోసం! దాని నవ్వు గుర్రం సకిలింపులా ఉంటుందని నీకు అప్పుడే చెప్పాను. అసలు బాధ అది కాదు. ఆ దూలాలు చూపించి ఎంతమంది దగ్గర గొప్పలు పోయాను! అన్నేళ్లూ నన్ను అలా మాట్లాడనిచ్చి, నువ్వు ఊరుకున్నావు.

ఇప్పుడు విను. లాగుడు ఆగదు. అడిగినదాన్ని వెనక్కి తీసుకునే రకం కాదు నేను. దూలాలే మారతాయి. ఎలిసియోకి అంతవరకే చెప్పాను. "ఎందుకమ్మా?" అన్నాడు. "ఆ మాట చెప్పాల్సినవాడు వేరే ఉన్నాడు" అన్నాను.

ఐదేసి బారల అలెర్సె దూలాలు రెండు, నువ్వే మోసుకుని రావాలి. ఇంటిని జాకీల మీద ఎత్తి దూలాలు మార్చాలంటే కనీసం ఇరవై మంది కావాలి. వాళ్లని నేను అడగను. నా ఇంటి కోసం ముప్పై రెండు గడపలు ఎక్కాను. నీ దూలాల కోసం ఆ ముప్పై రెండు గడపలూ నువ్వు ఎక్కు. ఏం కావాలో, ఎందుకు కావాలో నీ నోటితో చెప్పు. అన్నీ అయ్యేదాకా నా ఇంట్లో నీకు అన్నం లేదు.

రోసెండా

ఉయిన్కై లోయ
7 మార్చి 1961

అక్కా,

దూలాలు సిద్ధం. కాలిన అడవిలోని మోళ్లలోనే పెద్దది చూసి కొట్టాం. రెండూ ఒకే చెట్టులోంచి వచ్చాయి. చివరి దాకా బాడిస పట్టింది నేనే, జట్టువాళ్లని ముట్టనివ్వలేదు. వేలితో తడిమి చూశాను. ఒక్క ముడి లేదు, ఒక్క పుచ్చు లేదు. అంతా చేవే. ఒడ్డుకి దించడానికి మూడు రోజులు పట్టింది. ఇప్పుడవి పెంకుల పడవ వెనక తాడుకి కట్టి ఉన్నాయి, బాతుల్లా తేలుతున్నాయి.

నా భుజం కాయ కాచింది, అది నొప్పెట్టదు. నన్ను భయపెడుతున్నవి ఆ ముప్పై రెండు గడపలే. "నేను రాను, దూలాలు మాత్రం పంపుతాను" అని ఒక ఉత్తరం రాసి చింపేశాను.

ఎల్లుండి బయల్దేరతాం. గాలి బాగుంటే పన్నెండుకి అక్కడ ఉంటాను. మొదట ఎలిసియో ఇంటికే వెళ్తాను. అది దాటితే తక్కినవి దాటగలను.

అబెలీనో

చెలక గట్టు, పుల్కెతూ
19 ఏప్రిల్ 1961

అబెలీనో,

పై వరస చూశావా? చిరునామా మారింది. ఇల్లు దాటింది.

మార్చి పదిహేడున గాలివాన రావడం, ఆ తర్వాత ఈస్టర్ ముందరి పవిత్ర వారంలో ఎవరూ ఎద్దుల మెడ మీద కాడి పెట్టకపోవడం వల్ల, దూలాలు మార్చి కూడా లాగుడు చూడకుండానే నువ్వు వెళ్లాల్సి వచ్చింది. జట్టువాళ్లు నీ కోసం కొండల్లో ఎదురుచూస్తుంటే నిన్ను ఆపడం న్యాయం కాదు. అందుకే అంతా వివరంగా రాస్తున్నాను.

ముందు నీకు తెలియనివి చెబుతాను. నువ్వు వెళ్లాక ఒక్కొక్కరూ వచ్చి, నువ్వు తమ గడప దగ్గర ఎలా నిలబడ్డావో అభినయించి చూపించారు. టోపీ నలిపి నలిపి పీచు చేశావట. ఎలిసియో ఇంట్లో మూడు లోటాల కల్లు తాగావట. చివరికి "దూలాలు తేపావి, నేనే పెట్టాను, నీ కొడుకులు వాటి కింద నడవబోయారు" అని ఒక్క గుక్కలో చెప్పావట. ఎలిసియో నాతో, "మీవాడు వెళ్లాక నేను బయటికొచ్చి కట్టెలు కొట్టుకుంటూ ఉండిపోయాను రోసెండా. కోపం దిగేదాకా కొట్టాను. చలికాలానికి సరిపడా కట్టెలు పోగయ్యాయి" అన్నాడు. ఆయన భార్య ఇంకా క్షమించలేదు. నీ పేరెత్తితే లేచి వెళ్లిపోతుంది. అది ఆమె హక్కు, నేను నచ్చజెప్పబోలేదు. చివరి ఇళ్లకి నువ్వు చేరేసరికి సంగతి ముందే తెలిసిపోయింది. అయినా ఎవరూ "తెలుసులే, పో" అనలేదు. మొదటి నుంచి చివరి దాకా నీ చేతే చెప్పించుకున్నారు. మనవాళ్లు అంత తేలిగ్గా వదలరు.

ఈ నెల పదహారున పోటు. తెల్లారేసరికి తలుపులు, కిటికీలు విప్పేశారు. పొయ్యి రాళ్లు, మంచం, పాత్రలు అన్నీ పడవల్లో ఎక్కించారు. పద్నాలుగు జతలూ ఒక్క కేకకి కదిలాయి. ఇల్లు ఒడ్డు దాకా మహారాణిలా వచ్చింది. ఒక్క పెంకు రాలలేదు. పోటు ఎక్కి, ఇల్లు తేలడానికి అడుగున కట్టిన ఖాళీ పీపాలు లేచేసరికి ఇల్లు నేల వదిలింది. ఆ సమయానికి నేను అందరితో పాటు పడవలో కూర్చోవాలి.

నేను కూర్చోలేదు. పలకల మీద నడిచి లోపలికి పోయాను. సముద్రం వైపు దూలం ఎక్కడుందో నాకు తెలుసు. సరిగ్గా దాని మీద ఒక బంగాళాదుంపల బస్తా వేసుకుని, శాలువా బిగించి కూర్చున్నాను.

"దిగు రోసెండా! నీకు ఈత రాదు! పిచ్చి పట్టిందా?" అని ఎలిసియో పడవలోంచి గొంతు చించుకున్నాడు.

"నీ పడవ సంగతి చూసుకో! ఇది మావాడు వేసిన దూలం!" అని నేనూ అరిచాను.

పాయ మధ్యకి వచ్చాక ప్రవాహం పట్టుకుంది. ఇల్లు మెల్లగా తిరిగి, తలుపు లేని గుమ్మం నడి సముద్రం వైపు తెరుచుకుంది. తాళ్లన్నీ ఒక్క వైపే బిగుసుకున్నాయి, నేను కూర్చున్న వైపే. ఇల్లంతా కిర్రుమంది. ఎలిసియో పెద్ద కొడుకు నీళ్లలోంచి తల పైకెత్తి, నా కాళ్ల కింద దూలం మీద అరచెయ్యి పెట్టి చూశాడు. "ఏమంటోంది?" అని అడిగాను. "ఏమీ అనట్లేదు పెద్దమ్మా, ఊరికే ఉంది" అన్నాడు. కాసేపటికి పడవలు మలుపు తిప్పాయి. గట్టుకి చేరేదాకా నేను లేవలేదు.

దిగాక ఎలిసియో నన్ను తిట్టినన్ని తిట్లు ఆన్సెల్మో జన్మలో తిట్టలేదు. "ఎందుకమ్మా ఆ మొండితనం?" అన్నాడు. నేను చెప్పలేదు. నీకు చెబుతాను.

కోపం పోయిందనుకోకు. పొయ్యి ముందు కూర్చుంటే ఇప్పటికీ నిన్ను తిట్టుకుంటాను, ఆ క్లోరిండాని కూడా. ఇంకో ఏడాది తిట్టేలా ఉన్నాను. నీ తప్పుని మాటల్లో క్షమించడం నాకు చేతకాదు, ప్రయత్నించాను. అందుకని వెళ్లి నువ్వు వేసిన కొత్త దూలం మీద కూర్చున్నాను.

మీ అక్క
రోసెండా